పైడితల్లి కోసిన గడ్డి

మధురవాడలో ఇళ్ల ముందు లాన్ కోయడానికి పనివాళ్లు రావడం మానేసి చాలా ఏళ్లయింది. సుగుణ కూడా అందరిలాగే ఆ పని చేయించే ఒక ఏజెన్సీతో మాట్లాడుకుంది. రోజూ పొద్దున్నే ఒక చిన్న కోతబండి మనిషి తోడు లేకుండా గేటు తోసుకుని వచ్చి గడ్డి కోసి పోయేది. ఇంట్లో ఎవరి మీద కోపం వచ్చినా సుగుణ దాని మీదే తీర్చుకునేది. గుడ్డిదానా అని తిట్టేది, చెప్పు విసిరేది. యంత్రమే కదా అనుకునేది.

రెండేళ్ల తర్వాత ఒకరోజు బండి లాన్ మధ్యలో ఆగిపోయింది. "కదలవేమే, చచ్చావా?" అంటూ సుగుణ కాలితో తన్నింది.

"గడ్డిలో పిట్ట గుడ్లెట్టిందమ్మగారూ. తప్పించి కోత్తాను," అంది బండిలోంచి ఒక ఆడగొంతు.

సుగుణ నిర్ఘాంతపోయింది. "ఎవరు నువ్వు?"

"పైడితల్లినండి. కాళ్లు పడిపోయాయి. ఇంటికాడ మంచం మీంచే బండి తోల్తాను. మీ ఇల్లు మొదట్నుంచీ నేనే చేత్తన్నానండి."

"అయితే నా మాటలన్నీ..."

"ఇనపడతాయమ్మగారూ."

సుగుణకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

మర్నాడు చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుని గేటు దగ్గర నిలబడింది. బండి రాగానే "పైడితల్లీ" అని పిలిచింది.

ఈసారి మగగొంతు పలికింది. "ఆవిడ ఈ ఇల్లు వదిలేసిందండి. ఇన్నాళ్లూ మీరు తెలీక తిట్టారని ఓర్చుకుందట. ఇక తెలిసి తిడితే తట్టుకోలేనంది."

"నేను తిట్టను బాబూ. ఆవిడకు చెప్పు."

"ఆ మాట నిన్న అనుంటే ఉండిపోయేదండి," అన్నాడతను మెల్లగా.

సుగుణ తల వంచుకుని బండికి దారి ఇచ్చింది.