ట్యాంకు మీద రెండు గీతలు

"ట్యాంకు మింద ఏం పని నీకు?" నిచ్చెన కింద నిలబడి అడిగింది పవిత్ర.

పైన మునిశేఖర్ ఉలిక్కిపడి ఫోను జేబులో వేసుకున్నాడు. "నీళ్లు ఎంత ఉండాయో సూస్తాండా."

నీళ్లు చూసేవాడు ట్యాంకులోకి తొంగిచూడాలి గానీ ఫోనును ఆకాశానికి చూపిస్తాడా? పవిత్రకు ఒళ్లు మండిపోయింది.

కార్వేటినగరం దాటాక ఆరు కిలోమీటర్లు పోతే మామిడితోట మధ్యలో, కొండవారగా ఉంది ఆ ఒంటి ఇల్లు. అతని స్నేహితుడిది. "ఆడ సిగ్నలే రాదు. మనల్ని పిలిచేవాళ్లుండరు. రెండు దినాలు నువ్వూ నేనే" అని ఊరించి తీసుకొచ్చింది అతనే. తీరా వచ్చాక సిగ్నల్ కోసం తోటంతా చెడతిరిగిందీ అతనే. బావి గట్టెక్కాడు. మోటారు షెడ్డెక్కాడు. చివరికి తోట కాపలా చూసే మునెమ్మను చాటుకు పిలిచి ఏదో అడిగాడు. మునెమ్మ కడుపులో మాట దాగదని పాపం అతనికి తెలియదు.

"మీ ఆయన నెట్టు యాడొస్తాదని నన్ను పీక్క తింటాండాడు మ్మా" అంది పొద్దున కాఫీ ఇస్తూ. "ట్యాంకు మింద రెండు గీతలొస్తాయని సెప్పినా. పది గంటలకు ఏందో పనంట. నీకు సెప్పొద్దన్నాడు."

ఆ చివరి మాటతో పవిత్ర కాఫీ గ్లాసు పక్కన పెట్టేసింది. ఇప్పుడు నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టింది.

"పడ్తావు, దిగు!"

"పడితే పడతా. పది గంటలకు ఎవురితో మాట్లాడల్ల నువ్వు?"

"ఎవురితోనూ లేదు."

"అయితే ఫోనియ్యి."

"నా మింద నమ్మకం లేదా?"

"నమ్మకంగా ఉండేవాడికి చాటెందుకు? ఇంగొకతి ఉంటే ఇప్పుడే సెప్పెయ్. నా దారి నేను సూసుకుంటా."

మాటైతే అనేసింది గానీ, ఆ దారేదో ఆమెకే తెలియదు. నాలుగేళ్లుగా ఆమెకు లోకమంతా ఆ మనిషే. ఇద్దరూ తిరుపతిలోనే ఉంటూ కూడా ఒక పెళ్లికీ, ఒక పేరంటానికీ వెంటబెట్టుకుపోయిన పాపాన పోలేదు. అలిపిరి మెట్ల దగ్గర జంటలు కొబ్బరికాయలు కొడుతుంటే ఆటోలోంచి చూసి కళ్లు తుడుచుకున్న రోజులున్నాయి. అడిగితే పని అంటాడు. ఆ పని పేరేమిటోనని ఏడాదిగా అనుమానం ఆమెను తొలుస్తూనే ఉంది.

ఆమె పైకి చేరేసరికి పదికి నాలుగు నిమిషాలుంది. మునిశేఖర్ టైము చూసుకున్నాడు, ఆమె ముఖం చూశాడు, ఇక తప్పదన్నట్టు ఫోను తిప్పి చూపించాడు. దేవస్థానం పేజీ. పది గంటలకు కల్యాణోత్సవం టికెట్లు వదులుతారు.

తిరుపతి మనిషికి ఆ టికెట్టు సంగతి ఒకరు చెప్పాలా! ఒక టికెట్టుకు ఇద్దరు. స్వామివారి కల్యాణం ముందు ఆలుమగలుగా పక్కపక్కన కూర్చోవాలి. చాటుమాటు యవ్వారాలు నడిపేవాడు ఎవడైనా కల్యాణోత్సవానికి టికెట్టు కొడతాడా? నలుగురి ఎదుట, దేవుడి ఎదుట జంటగా కూర్చుంటాడా?

"ముందే సెప్తే ఏం పోయింది?" అంది.

"దొరకతాదో లేదోనని..." నసిగాడు.

ఇన్నాళ్లూ అనుమానించినందుకు సిగ్గుతో చచ్చిపోయింది పవిత్ర. ఇక ఆమె హడావుడి చూడాలి. చీర కుచ్చిళ్లు దోపుకుని, ట్యాంకు అంచున నిలబడి, అతని ఫోను అందుకుని ఎత్తి పట్టుకుంది. రెండు గీతలు ఒకటయ్యాయి. తూర్పుకు తిరిగింది. మళ్లీ రెండయ్యాయి. సరిగ్గా పదికి క్యూ మొదలైంది. ఏడు నిమిషాలకు పేజీ తెరుచుకుంది.

"పేర్లు నేను కొడతాలే" అని ఫోను లాక్కుని అటు తిరిగాడు మునిశేఖర్.

"నా ఆధార్ నంబరు సెప్పల్లా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు."

నంబరు కూడా నోటికొచ్చునా! పవిత్ర మురిసిపోయింది. డబ్బు కట్టే పేజీ వచ్చింది. ఓటీపీ వచ్చింది, కొట్టాడు. సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. అతను గాభరాపడుతుంటే ఆమె చటుక్కున ఫోను అందుకుని ట్యాంకు మూత మీదికెక్కింది.

"బుక్కయింది!" అని అరిచింది. కింద మునెమ్మ గోవిందా అని దండం పెట్టింది.

"ఇంగ ఇట్టియ్యి పవిత్రా. మిగతాది నేను సూస్తా."

"ఉండు. కండ్లారా సూసుకోనియ్యి."

టికెట్టు పైనుంచి ఒక్కో వరసే దిగుతోంది. తేదీ వచ్చింది. సమయం వచ్చింది. ఆ రోజు ఏ పట్టుచీర కట్టుకోవాలో కూడా పవిత్ర అనేసుకుంది. మొదటి పేరు మునిశేఖర్. ఆ తర్వాత చక్రం చాలాసేపు తిరిగింది.

"పవిత్రా, మాట విను, ఫోనియ్యి."

రెండో పేరు లోకేశ్వరి.

లోకేశ్వరి అతని భార్య.