గోడకున్న మేకు

"కొత్త ఫిల్టర్ వేసేశానమ్మా. ఇక బయల్దేరండి," అన్నాడు కార్ల షెడ్డు యజమాని చేతులు తుడుచుకుంటూ.

స్టూలు మీది ముసలావిడ లేవలేదు.

"పాతదేదీ?"

"దాంతో మీకేం పని? షోకేసులో పెట్టుకుంటారా?"

పనివాళ్ళు కిసుక్కున నవ్వారు.

ఆవిడ లేచి, తనే బానెట్ ఎత్తింది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీసింది.

లోపల ఉన్నది పాతదే. గాలి కొట్టి మళ్ళీ పెట్టేశాడు.

యజమాని నాలుక కరుచుకున్నాడు. అంతలోనే బుకాయించాడు.

"ఇంకో ఆర్నెల్లు లాగుతుందమ్మా!"

"లాగడం బండి పని. గడువుకి మార్చడం నీ పని."

దగ్గరుండి కొత్తది వేయించింది. పాతదాన్ని నేల మీద పెట్టి, స్క్రూడ్రైవర్ అందుకుని, వణుకుతున్న చేతులతోనే నిలువునా చీల్చింది.

"అయ్యో, అదేంటి!"

"ఇంకొకరి బండిలోకి దూరకుండా." గోడవైపు చూసింది. "ఆ మూరెడు మేకు ఎందుకుందో తెలుసా నీకు?"

మేకుకి అతని భోజనం క్యారియర్ వేలాడుతోంది.

"కనిపించట్లేదా? క్యారియర్ తగిలించడానికి!"

మళ్ళీ నవ్వులు.

"తీసెయ్. అది దాని చోటు కాదు."

యజమానికి ఒళ్ళు మండింది.

"నా షెడ్డులో నాకే పాఠాలా? బయట బోర్డు చదివారా? పెద్దమేస్త్రి షెడ్డు! ఆ పేరు చూసే జనం కళ్ళు మూసుకుని బండి వదిలి వెళ్తారు. మీకు నమ్మకం లేకపోతే మళ్ళీ ఈ గడప తొక్కకండి."

"ఆ పేరు నువ్వు తెచ్చుకున్నదా?"

"బ్రోకరు దగ్గర బోర్డుతో సహా కొన్నాను!"

"బోర్డే కొన్నావు," అంటూ ఆవిడ కారెక్కింది.

మళ్ళీ రాలేదు.

చలికాలంలో ఓ పెద్దాయన బండి తెచ్చాడు. చాలా ఏళ్ళ కిందట ఇక్కడికే వచ్చేవాడు. తాళం చెవి బల్ల మీద పెట్టి, గోడవైపు చూసి ఆగిపోయాడు.

"మేకుకి క్యారియరా?"

"ఏం?"

"మార్చిన ప్రతి ఫిల్టర్నీ దానికి గుచ్చేవారు పెద్దమేస్త్రి. చిల్లు పడ్డది మళ్ళీ ఎవరి బండిలోకీ పోదుగా. ఈ షెడ్డు పేరంతా ఆ మేకు మీదే నిలబడింది."

యజమాని గబగబా క్యారియర్ తీసేశాడు.

"పెద్దమేస్త్రి ఇప్పుడెక్కడుంటారండీ?"

"పోయిన వారమే పోయారు."

"అయ్యో... ఆయన్ని ఒక్కసారైనా చూడలేకపోయాను."

పెద్దాయన తాళం చెవి తిరిగి తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఆయనేంటయ్యా? చేతులు వణకడం మొదలయ్యాకే ఆవిడ ఈ షెడ్డు అమ్మేసింది."