బోర్డు మీద తొమ్మిదో పేరు

“ఇంకొక్క పాయింటు గెలిస్తే కప్పు ఈ నర్సమ్మదే,” అన్నాడు సెక్రెటరీ మార్కండేయ, అంపైరు కుర్చీ పక్కన నిలబడి. “సత్యానందం, బోర్డు మీద ఎవరి బిడ్డ అని రాయించాలె? ఫారం మీద బాపు పేరు ఖాళీగున్నది.”

“ముందు గెల్వనియ్యుండ్రి సారు. గప్పుడడుగుదాం,” అన్నాడు కుర్చీలోంచి సత్యానందం.

బోధన్ మంజీరా క్లబ్బులో ఆడవాళ్ళ టెన్నిస్ సింగిల్స్ పోటీ యాభై ఆరులో మొదలైంది. గెలిచినామె పేరు పక్కన ఫలానా వారి భార్య అనో, కూతురు అనో బోర్డు మీద రాయించడం అప్పటి నుంచీ ఆనవాయితీ. ఎనిమిదేళ్ళుగా ఎనిమిది వరుసల్లోనూ ఒక్కటే పేరు, ప్రెసిడెంటు గారి భార్య లీలాబాయిది. ఆమె ఆట గొప్పదే. ఎదురాడేవాళ్ళ మొహమాటం ఇంకా గొప్పది. రెండో ఏడు క్లబ్బు వంటామె కూతురు ఆమెను ఓడించినంత పని చేసింది. మర్నాడే రూలు పుట్టింది: క్లబ్బు నౌకర్ల ఇంటివాళ్ళు పోటీలో ఆడరాదు, ఆడితే ఆ నౌకరీ ఊడినట్టే.

సత్యానందం క్లబ్బులో మార్కరు. సున్నంతో గీతలు గీయడం, రాకెట్లకు తీగలు బిగించడం, సభ్యులకు ఆట నేర్పడం, ఫైనలు నాడు అంపైరు కుర్చీ ఎక్కడం, అన్నీ అతనే. తలదాచుకునే గది కూడా క్లబ్బుదే. ఇవాళ ఏ కొంచెం తేడా వచ్చినా గదీ పోతుంది, గంజీ పోతుంది.

రూత్ నిజామాబాద్‌లో నర్సు. క్లబ్బు సభ్యురాలైన డాక్టరమ్మ అతిథిగా తీసుకొచ్చింది. బోర్డింగులో పెరిగిన పిల్లట, సెలవుల్లో ఎక్కడో ఆట నేర్చుకుందట.

“రాకెట్టు పాతదే గానీ, తీగలు ఎవలు బిగించిండ్రో, మస్తుగున్నయ్,” అన్నాడు మార్కండేయ.

“ఎవలో తియ్యుండ్రి సారు.”

రూత్ సర్వీసు చేసింది. లీలాబాయి తిప్పికొట్టింది. రూత్ మళ్ళీ కొట్టిన బంతి మూలన గీత మీది సున్నం లేపుతూ పోయింది. చూడనివాళ్ళు లేరు.

“ఔట్!” అన్నాడు సత్యానందం.

“ప్రెసిడెంటు ఉప్పు తిన్నోడు, ఇంకేమంటడు!” అని వెనక నుంచి ఎవరో నవ్వారు. అతనికి కోపం రాలేదు, సిగ్గూ రాలేదు. మిగతా ఆటకు లెక్క ఎట్లా చెప్పాడో అతనికే తెలియదు. కప్పు మళ్ళీ లీలాబాయికే పోయింది. రూత్ పద్ధతి ప్రకారం కుర్చీ దగ్గరికొచ్చి చెయ్యి కలిపి, “థాంక్యూ సార్,” అంది.

అందరూ చాయ్ తాగడానికి లోపలికి పోయాక అతను చీపురు పట్టుకుని, సున్నం మీద పడ్డ బంతి మచ్చను చెరపసాగాడు. వెనక ఎవరో వచ్చి నిలబడ్డారు.

“గీత మీదనే పడ్డది గదా?”

“పడ్డది,” అన్నాడు, తల ఎత్తకుండా.

ఆమె రాకెట్టును పాత చీర గుడ్డలో చుట్టుకుంది.

“బస్సుకు టైమైంది, పోయొస్త బాపూ,” అంది రూత్.