మైకు లేని గైడు

“ఈ ఓడ నీళ్ళలోకి దిగి ఇరవై తొమ్మిదేళ్ళు. పొడవు నూట అరవై మీటర్లు. నాలుగు ఇంజన్లు. ఒక్క విడతలో పదహారు వందల మంది జనం, మూడు వందల కార్లు...”

మైకులో చెబుతూ చెబుతూ గైడు ఆగిపోయాడు.

ఎదుట నలుగురే మిగిలారు. అందులో ఒకడు నిద్రపోతున్నాడు.

మిగతా జనమంతా వెనక డెక్కు మీద బట్టతల ముసలాయన చుట్టూ మూగారు.

“ఆ పొగగొట్టం మీద, రంగు కింద, అక్షరాలు ఉబ్బెత్తుగా ఉన్నాయి చూశారా? అది దీని పుట్టింటి పేరు. చేతులు మారినప్పుడల్లా పేరు మార్చారు. ఇప్పటిది మూడోది.”

“మరి పాతది చెరిపెయ్యలేదేం తాతా?” అంది ఒక పాప.

“ఇనుము మీద ఇనుముతో అతికారమ్మా. రంగేస్తే దాగుతుందిగానీ పోతుందా?”

అందరూ తలలెత్తి ఆ గొట్టం వంకే చూస్తున్నారు.

గైడు ఠక్కున మైకు కట్టేశాడు.

వారానికి మూడు రోజులు ఇదే వరస. టన్నులూ మీటర్లూ కంఠతా పట్టింది తను. చప్పట్లు ఆయనకి!

“ఉచిత పాసు మీద తిరిగే మనిషికి అంత వైభోగం ఏమిటి?” అన్నాడు ఇంట్లో భార్యతో.

“ఆయన చెప్పేవేవో మీరూ నేర్చుకోరాదూ?” అంది ఆమె.

పుండు మీద కారం చల్లినట్టయింది.

మర్నాడే భద్రతాధికారి దగ్గరికి వెళ్ళాడు.

“సార్, ఆ ముసలాయన పిల్లల్ని రెయిలింగు ఎక్కించి మరీ చూపిస్తున్నాడు. ఎవరైనా పడితే?”

పచ్చి అబద్ధం. నాలుక కాస్తయినా తడబడలేదు.

మూడో రోజున ఓడ మెట్ల దగ్గర ముసలాయన్ని ఆపేశారు. పాసు లాక్కున్నారు.

“నా గురించి ఎవరో ఏదో చెప్పారట బాబూ,” అన్నాడాయన, పైకి వెళుతున్న గైడుతో.

గైడు వాచీ చూసుకున్నాడు. “నాకేం తెలుసండీ?”

“సర్లే, పోనీ. ఎదురుగాలి కొడుతున్నప్పుడు మైకు గడ్డానికి ఆనించి మాట్లాడు నాయనా. గొంతు పాడవదు.”

‘పోతూ పోతూ కూడా నాకు పాఠాలే!’ అనుకున్నాడు గైడు.

ఆ రోజు జనమంతా తన ఎదుటే కూర్చున్నారు. నాలుగు ఇంజన్ల దాకా విన్నారు. తర్వాత ఒక్కొక్కరే కిటికీలకేసి తిరిగారు.

రెండు నెలలకు మేనేజరు పిలిచాడు.

“ఒకటో తారీఖు నుంచి నీ బదులు రికార్డు చేసిన గొంతు వేస్తారు. నువ్వు సామాన్ల కౌంటర్లో కూర్చోవాలి.”

“అదేమిటి సార్, ఉన్నట్టుండి!”

“ఉన్నట్టుండి కాదు. మూడేళ్ళ కిందటే పెట్టాల్సింది. ఒక పెద్దాయన నెలనెలా ఉత్తరం రాసి ఆపుతూ వచ్చాడు. ఓనరుకి ఆయన మాటంటే గురి. పోయిన నెల ఆయన కాస్తా పోయాడు.”

మేనేజరు ఫైల్లోంచి ఆఖరి ఉత్తరం తీసి ఇచ్చాడు.

దాని మీద తేదీ, ముసలాయన్ని మెట్ల దగ్గర ఆపేసిన మర్నాటిది.

గైడు చదివాడు.

‘ఈ అబ్బాయిని తీసెయ్యకండి. చెప్పగా చెప్పగా నాకంటే మంచివాడవుతాడు. ఇకమీదట నేను వచ్చి వినలేను. మీరైనా ఒకసారి వినండి.’

కింద వణుకుతున్న సంతకం, దాని కింద ఒక్క ముక్క: ‘ఈ ఓడ మొట్టమొదటి గైడు.’