లోపల కొట్టే గంట

“నా మొగుణ్ణి ఈ మంచాన పడేసింది మీరే. రాయి కాదు, భూమి కాదు. మీరే.”

చెన్నమ్మ ఆస్పత్రి వరండాలో అందరూ వినేట్టే అంది. చూడటానికి వచ్చిన గని షిఫ్టు ఇన్‌చార్జి ఆంజినప్ప, చేతిలో పండ్ల సంచి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

“మెల్లగా మాట్లాడమ్మా. లోపల రోగులుండారు.”

“రోగులని ఇప్పుడు గుర్తొచ్చిందా? మనిషి దగ్గి దగ్గి నెత్తురు కక్కుతా ఉండాడు, రాయి తొలిచే దుమ్ములో నిలబడలేడు, ఏదన్నా తేలిక పని ఇయ్యండని నీ కాళ్ళు పట్టుకుంటినే. ఏమంటివి?”

ఆంజినప్ప సంచి ఒక చేతినుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“మెడలో టోకెన్ ఏ చోటిదైతే ఆ చోటికే పోవాల అంటివి. దొరలు పోయిరి, గని సర్కారుదాయె, మనోళ్ళే ఆఫీసర్లయిరని సంబరపడితిమి. దొర కూడా ఇదే మాట అనేవాడంట.”

పండ్ల సంచి కిటికీలో పెట్టి ఆంజినప్ప జారుకున్నాడు.

గనిలో రాయి పేలి పక్షం దాటింది. ఆ పొద్దున కూలీల లైన్లలో ప్రతి ఇంటా గిన్నెలు గడగడలాడాయి. ఆడవాళ్ళంతా పొయ్యి మీది సంగటి వదిలేసి గని మూతి దగ్గరికి పరుగెత్తారు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే షిఫ్టు. చెన్నమ్మ మొగుడు చౌడప్ప రాయి తొలిచేవాడు, తమ్ముడు మునియప్ప దుమ్ము లేని చోట రాళ్ళ తొట్లు తోసేవాడు. పైకి తెచ్చిన ప్రతి మనిషి మెడలోని ఇత్తడి టోకెన్ చూసి పేరు పిలిచారు. మునియప్ప పేరుకు శవం వచ్చింది. ముఖం చూడలేరని గుడ్డ విప్పనివ్వలేదు. చౌడప్ప పేరుకు ఊపిరి వచ్చింది. అంతే, ఊపిరే. ముఖానికీ చేతులకీ కట్లు, మాట లేదు, తెలివి లేదు.

మరిది కోసం ఏడవాలో, మొగుడు మిగిలినందుకు మొక్కాలో తెలియక చెన్నమ్మ రెండూ చేసింది. పక్కగదిలో తోడికోడలు సొన్నమ్మ గాజులు పగలగొడుతుంటే, తన గాజులు చప్పుడు చేయకుండా చేతులు కొంగులో దాచుకుంది.

డాక్టర్ సుబ్బరాయప్ప మంచం పక్కన కూర్చుని రోగి నాడి పట్టుకున్నాడు.

“తల పైభాగం దెబ్బతినింది చెన్నమ్మా. కానీ కింద, మెడకు పైన, మెదడును మోసే వేలంత కాండం ఉంటుంది. దాంట్లో ఒక నీలి మచ్చ. గని మూతి దగ్గర లిఫ్టుకు గంట కొట్టేవాడు ఉంటాడే, అట్లాంటిది అది. అది కొడితే తలంతా మేలుకుంటుంది. భయానికి కొడుతుంది, ప్రేమకూ కొడుతుంది. గుండె మీదికి వచ్చినదాన్నే గట్టిగా గుర్తు పెట్టిస్తుంది.”

అంతలో నేల అదిరింది. ఎక్కడో లోతున మళ్ళీ రాయి పగిలింది. బల్ల మీద మందుసీసాలు టకటక కొట్టుకున్నాయి. కట్ల మధ్య కళ్ళు ఒక్కసారి తెరుచుకుని, మూసుకున్నాయి.

“చూసినావా? భయానికి గంట కొట్టింది. ఇప్పుడు నువ్వు మాట్లాడు.”

చెన్నమ్మ వంగింది. “ఏమయ్యా, నేను. ఈసారి బూదికోట జాతరకు ఎట్లయినా పోదామంటివే. లేయి మరి.”

డాక్టర్ వేళ్ళు నాడి మీదే ఉన్నాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“నా గొంతు అంత పరాయిదైపోయిందా సారూ?” చెన్నమ్మ కళ్ళు తుడుచుకుంది. “ఒక్కటే మేలు. ఆ పాడు దగ్గు మాత్రం పోయింది. ఇక్కడ దుమ్ము లేదు గదా.”

“ఆయన ప్రాణంగా చూసుకున్న మనిషి ఇంకెవరన్నా ఉంటే పిలిపించు.”

“నా తోడికోడలు ఉండాది. చెల్లెలి మాదిరి చూసుకునేవాడు.”

మూల చాప మీదున్న అత్త నరసమ్మ తలెత్తింది. “గాజులు తీసిన ఆడది రోగి ముందుకు రాగూడదు. ఉన్న ఒక్క కొడుకునన్నా మిగలనీయే.”

“గాజులే కాపాడేదుంటే సొన్నమ్మ చేతుల నిండా ఉండె గదత్తా” అంది చెన్నమ్మ.

మర్నాడు సొన్నమ్మను తానే వెంటబెట్టుకుని వచ్చింది. దారిలో సొన్నమ్మ ఒక్క మాటే అంది. “రాయి పేలే ముందురోజు మా ఆయన ఏమన్నాడో తెల్సునా అక్కా? అన్న ఇంగ ఆ దుమ్ములో నిలబడలేడు, వాళ్ళు చోటు మార్చకపోతే నేనే మారుస్తా అన్నాడు. మార్చకముందే పోయినాడు.”

“పిచ్చోడు. ఆఫీసులో కొట్లాటకు దిగుదామనుకున్నాడేమో” అని చెన్నమ్మ ఆమె వీపు నిమిరింది.

అత్తకు భయపడి సొన్నమ్మ గడప బయటే ఆగింది. అక్కడినుంచే పిలిచింది.

“బావా, నేను సొన్నమ్మను.”

నాడి పట్టుకుని ఉన్న డాక్టర్ ఉలిక్కిపడ్డాడు. అది పరుగెత్తుతోంది. కట్లు కట్టిన చెయ్యి గడప వైపు లేచింది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు కారి కట్లు తడిశాయి.

“కొట్టింది. గంట కొట్టింది” అన్నాడు డాక్టర్.

నరసమ్మ చూపు మాత్రం సొన్నమ్మను కాల్చేసింది. “పెండ్లాం పిలిస్తే ఉలకనోడు తమ్ముడి పెండ్లానికి ఏడుస్తాడా? ఏందే ఈ కత?”

సొన్నమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని వెనక్కి తిరిగింది. మంచం మీంచి గొంతు పెగలని మూలుగు వచ్చింది.

చెన్నమ్మ ఒళ్ళు కూడా భగ్గుమంది. ఏదో అడగబోయింది గానీ, ఆ మూలుగు వెనక దగ్గు రాలేదని తట్టింది. వంగి ఆ రొమ్ము మీద చెవి ఆనించింది. ఏళ్ళ తరబడి మొగుడి రొమ్ములో పిల్లికూతలు వింటూ నిద్రపోయిన చెవి అది. అక్కడ గాలి ఏ అడ్డూ లేకుండా వచ్చిపోతోంది.

“సారూ, దగ్గుకు మందేమన్నా ఇస్తా ఉండారా?”

“దగ్గా? ఈయన ఊపిరితిత్తుల్లో ఏ జబ్బూ లేదు కదమ్మా.”

“చోటు మార్చేసినాడు” అంది చెన్నమ్మ, మంచం కమ్మీకి కట్టిన ఇత్తడి టోకెన్‌ను చూస్తూ. గబగబా వరండాలోకి పోయి, వెళ్ళిపోతున్న సొన్నమ్మను చెయ్యి పట్టి మంచం దగ్గరికి లాక్కొచ్చింది. తర్వాత అత్త ముందు నిలబడి రెండు చేతులూ చాపింది.

“అత్తా, నా గాజులు తీసి సొన్నమ్మకు తొడుగు.”