ఈదమ్మ నడుము

ఆ పొద్దున ఆ ఇంట్లో ముగ్గురున్నారు. గడప పక్కన చేపల వల బాగుచేసుకుంటున్న లింగం, స్టవ్ దగ్గర అతని కోడలు సరళ, మంచం మీద కొడవలిలా వంగి కూర్చున్న ఒక ముసలమ్మ. శామీర్‌పేట చెరువు వైపు నుంచి చల్లగాలి వస్తోంది. హరిచందన ఆస్పత్రి ఫైలు పట్టుకుని లోపలికి వచ్చి మంచం ముందు ఆగిపోయింది.

"ఈదమ్మగారు మీరేనా అమ్మా?"

"గింత వంగిన నడుము గీ ఇంట్ల ఇంకోటి కనవడ్తాందా బిడ్డా? కూసో."

హరిచందన ఫైలు తెరిచి మళ్లీ చూసింది. ఫైల్లో ఉన్న ఎక్స్‌రేలో ఈదమ్మ వెన్ను గీత గీసినట్టు నిటారుగా ఉంది. రెండు పక్కలా లోహపు కడ్డీలు, వాటిని పట్టి ఉంచే మరలు. పెద్దవాళ్ల వంకర వెన్నుల మీద డాక్టర్ హేమచంద్ చేస్తున్న పరిశోధనలో అందరికీ ముందు చూపించేది ఆ ఎక్స్‌రేనే. వచ్చే వారం ఢిల్లీ సభలో కూడా దాన్నే చూపించబోతున్నాడు. ఆపరేషన్ అయి రెండేళ్లు నిండాయి కాబట్టి ఈదమ్మ ఎలా ఉందో చూసి రమ్మని, కొత్తగా చేరిన హరిచందనను పంపాడు.

"ఎందుకమ్మా ఇలా అయింది?"

"నాట్లేసి నాట్లేసి గిట్లయింది."

"ఆపరేషన్ అయ్యాక కూడా నాట్లు వేశారా? వంగొద్దని చెప్పారు కదా."

ముసలమ్మ నాలిక కరుచుకుంది. "గదే బిడ్డా. గాడనే తప్పయింది."

సరళ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"సరళా, మేడంకు చాయ్ వొయ్యి," అంది ముసలమ్మ గట్టిగా.

హరిచందన లింగం వైపు తిరిగింది. "మీరైనా చెప్పకపోయారా?"

"నేనేం జెప్త మేడం? చిన్నప్పటి సంది ఆమె మాటకు నేనెన్నడు ఎదురు జెప్పలే," అన్నాడు లింగం, వలలో అప్పటికే కుట్టిన చిల్లునే మళ్లీ కుడుతూ.

పాపం చిన్ననాటి పెళ్లి కాబోలు అనుకుంది హరిచందన. సరళ చాయ్ తెస్తే లింగం లేచి, ఊది చల్లార్చి మరీ ముసలమ్మ చేతికి అందించాడు. గుండ్లపోచంపల్లిలో తను ఉండే కాలనీ మొత్తం వెతికినా అలాంటి మొగుడు దొరకడు.

"మేడం, గా ఆపరేషన్ కొత్తోళ్లకు ఉత్తగ జేస్తలేరా ఇగ?" అడిగింది సరళ.

"లేదండీ. కొత్తవాళ్లను చేర్చుకోవడం పోయినేడే ఆపేశారు. అప్పట్లో చేయించుకున్నవాళ్లను చూసుకోవడమే ఇప్పుడు మా పని."

"మరి చేయించుకున్నోళ్లకు మల్ల వంకరయితే?" ముసలమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"లోపలి కడ్డీలు విరిగితే అలా అవుతుందమ్మా. అప్పుడు మళ్లీ ఉచితంగానే ఆపరేషన్ చేస్తారు."

"ఇరిగినయి," అంది ముసలమ్మ.

"మీకెలా తెలుసు?"

"పక్కకు మర్లితే కటుక్కుమన్నయి. లింగా, నువ్వినలే?"

"నాకు జర చెవుడు," అన్నాడు లింగం తల ఎత్తకుండా.

హరిచందన కుట్ల మచ్చ చూపించమంది. మగమనిషి ఉన్నాడంది ముసలమ్మ. లింగం ఆత్రంగా లేచి వెళ్లబోతే, ఇంకా స్నానం చేయలేదంది. హరిచందనకు అంతకంటే అడగడానికి మొహమాటం వేసింది. డాక్టర్‌కు ఫోన్ చేసి, అందరికీ వినిపించేలా పెట్టి, కడ్డీలు విరిగినట్టున్నాయని చెప్పింది.

"ఈదమ్మకా?" అన్నాడు డాక్టర్. "ఆవిణ్ణి ఇవాళే తీసుకురా. బెడ్ ఉంచుతాను. ఢిల్లీకి వెళ్లను. ముందు ఆవిడ నడుము సంగతి చూద్దాం. రాగానే ఎక్స్‌రే తీయించు."

"ఫొటోలు తర్వాత దిగొచ్చు, ముందుగాల కోయమను సారును," అంది ముసలమ్మ. వంగి ఉన్న ముఖంలోనూ నవ్వు దాగలేదు. మంచం కింద నుంచి సంచి లాగింది. అందులో రెండు చీరలు, దువ్వెన, తువ్వాలు మడతపెట్టి ఉన్నాయి.

"ముందే సర్దుకున్నారా?"

"పానం ముందే జెప్పింది బిడ్డా."

ముసలమ్మ ఒక చేత్తో మోకాలిని, ఇంకో చేత్తో హరిచందన భుజాన్ని పట్టుకుని లేచింది. ఒక్కో అడుగుకూ ఆగి ఊపిరి పీల్చుకుంది. ఆ నొప్పిలో మాత్రం దాపరికం లేదు.

"మనిషి మొకం సూసుకుంట మాట్లాడి మస్తు దినాలయింది బిడ్డా. నాకు అందరి కాళ్లే కనవడ్తయి. నీ మొకం సుత మంచం మీద ఎల్లకిల పండుకుంటెనే కనవడ్తది."

హరిచందన కళ్లు తుడుచుకుంది. "ఈసారి బాగా చేస్తారమ్మా. నేను దగ్గరుండి చూసుకుంటాను."

"మాట దప్పకు."

"తప్పను."

వాకిట్లో ఆటో ఆగింది. అందులోంచి ఒకామె దిగింది. గడకర్రలా నిటారుగా నడిచి వచ్చి, తలుపు పొట్టిగా ఉండటంతో వీపు ఏమాత్రం వంచకుండా మోకాళ్లు మాత్రం మడిచి లోపలికి తొంగి చూసింది.

"ఒదినె, నువ్వు తెమ్మన్న నడుంనొప్పి నూనె దేవరయాంజాల్ల ఏ దుకాణంల దొర్కలే. దావఖాన పిల్ల అచ్చిందా? నిన్న ఫోన్ల నీ తమ్మునితోని నా నడుము సూస్తనన్నది గద."

హరిచందన నోరు తెరిచేలోపే ముసలమ్మ ఆమె భుజం వదిలేసి, నొప్పి మరిచి, ఎవరి సాయమూ లేకుండా వంగిన నడుముతోనే చెంగున వెళ్లి, ఈదమ్మ ముఖం మీదే తలుపు వేసేసింది.