ప్రత్యేక ఏర్పాట్లు

"జాగ్రత్త, పదకొండు మెట్లు. ఆఖరిది అరిగిపోయింది. నా చెయ్యి పట్టుకోండి," అంది ఉషాతాయి.

వచ్చినాయన పట్టుకున్నాడు. అయినా ఆఖరి మెట్టు దగ్గర తూలనే తూలాడు. బజారు రొద లోపలికి రాకుండా ఉష తలుపు మూసేసింది.

సాంగ్లీలో ఒక పసుపు కొట్టు కింద నేలమాళిగ అది. ఉష అన్నగారిది. ఆదివారం మధ్యాహ్నాలు బస్తాలు పక్కకు జరిపి, ఊళ్లోని అంధులు అక్కడ చదరంగం ఆడతారు. పోటీ నడిపేది ఉష. వయసుతో పనిలేకుండా అందరికీ ఆమె తాయే, అంటే అక్కే. ఎవరి స్థానం ఏదో చెప్పడానికి గోడకు ఆనించి నిజమైన నిచ్చెనే ఉంటుంది. పన్నెండు మెట్లు, మెట్టుకొక రేకు ముక్క, దాని మీద చుక్కల లిపిలో ఒక పేరు. పై మెట్టువాణ్ణి ఓడిస్తే ఆ మెట్టు నీది. బయటివాళ్లెవరైనా వచ్చి అట్టడుగున ఉన్న పన్నెండో మెట్టువాళ్లను ఓడిస్తే, ఆ ఓడినవాళ్లు నిచ్చెన దిగిపోవాలి.

ఇదంతా ఉష కోపంలోంచి పుట్టింది. పోయినేడు వీళ్లంతా ఊరి చదరంగ సంఘం పోటీల్లో ఆడతామని దరఖాస్తు పెట్టారు. జవాబొచ్చింది: "ఎత్తులు పైకి చెప్పడం, మీకు వేరే పలక వేయడం వంటి ప్రత్యేక ఏర్పాట్లు మాకు సాధ్యం కావు." అన్న చదివి వినిపించిన ఆ ఉత్తరం ఆమెకు కంఠతా వచ్చు. మీ గుమ్మం మీరే కాచుకోండి అనుకుని, మర్నాడే వడ్రంగిని పిలిచింది.

"పేరు?"

ఆయన మెల్లగా చెప్పాడు. గదిలో గుసగుసలు ఆగిపోయాయి.

"ముప్ఫై ఏళ్లుగా ఆడుతున్నాను. ఊళ్లో ఎక్కడ విన్నా మీ నిచ్చెన మాటే. నేనూ ఒక ఆట ఆడొచ్చా?"

"వద్దు తాయీ," అన్నాడు మొదటి మెట్టు మీదున్న తాత్యా. "ఇలాంటివాళ్లని రానిచ్చామంటే రేపు నిచ్చెన మనకి మిగలదు. పైగా పన్నెండో మెట్టు మీదున్నది మందా."

మందా మూడు నెలలుగా ఒక్క ఆటా గెలవలేదు. నిచ్చెన మీద పేరున్నన్నాళ్లే ఇంట్లోవాళ్లు ఆ పిల్లను ఆదివారం గడప దాటనిస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసు.

ఉషకూ మందా గురించి బెంగే. కానీ గుమ్మంలోంచి మనిషిని వెనక్కి పంపితే ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు.

"గెలిచినవాళ్లు ఎక్కుతారు, ఓడినవాళ్లు దిగుతారు. ఇక్కడ ఇంకో నియమం లేదు," అంది. "ఫోను ఈ డబ్బాలో వేయండి. మందా, ఏమంటావే?"

"ఆడతాను తాయీ." గొంతు వణికింది గానీ, కుర్చీ లాగిన చప్పుడు గట్టిగానే వినిపించింది.

తాత్యా టీ పోస్తూ ఉషను అడిగాడు. "ఈయన చక్కెర వేసుకుంటాడా?"

"నన్నే అడగొచ్చుగా," అన్నాడాయన.

"అబ్బో, మాటలు బాగానే వచ్చే!"

గదంతా నవ్వింది.

ఆట మొదలైంది. ఎవరి పలక వాళ్లది. గడికొక గుంట, గుంటలో దిగే కాయలు. నల్లకాయల నెత్తిన చిన్న మొన. ఎత్తు పైకి చెప్పాలి, ఎదుటివాళ్ల ఎత్తు మన పలక మీద మనమే వేసుకోవాలి. మందా వేళ్లు పలక మీద చకచకా తిరిగాయి. ఆయన ఒక బంటును కింద పడేసి, బల్ల కింద చాలాసేపు వెతికాడు.

"ఇలాంటి పలక నాకు కొత్త," అన్నాడు.

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అన్నాడు తాత్యా.

"పోనీ పాపం, అలవాటు లేదు కదా," అని ఉష జాలిపడింది. ఆయనకు వినబడేలానే పడింది.

కానీ ఆట తెలిసిన మనిషే. ఇరవై ఎత్తులయ్యేసరికి మందా ఏనుగు పోయింది, రాజుకు దారులు మూసుకుపోయాయి. ఇంకొక్క ఎత్తు చాలు ఆయనకు. ఉష కొంగు మెలిపెడుతూ కూర్చుంది.

టప్పున కాయ ఊడిన చప్పుడు.

"శకటు..." అనబోయి ఆగిపోయాడాయన.

ఉష చెయ్యి చాచి తడిమింది. "ఇది మంత్రి."

"గుంటలోంచి ఊడితే ఆడాల్సిందే!" అంది మందా. ఈసారి గొంతు వణకలేదు.

మంత్రి పోయింది. ఇంకో తొమ్మిది ఎత్తులకు ఆయన ఆట కట్టింది. గది ఈలలతో దద్దరిల్లిపోయింది. మందా నిచ్చెన దగ్గరికి వెళ్లి, పన్నెండో మెట్టు మీద తన పేరును వేలితో చదువుకుని ఏడ్చేసింది.

ఆయన బల్ల అంచు తడుముకుంటూ లేచాడు.

"బాగా ఆడావమ్మా," అన్నాడు. "తాయీ, వచ్చే ఆదివారం మళ్లీ రావచ్చా?"

"నిక్షేపంగా రండి."

"ఒక్క మనవి."

"ప్రత్యేక ఏర్పాట్లు మాకు సాధ్యం కావు," అంది ఉష, ఉత్తరంలో మాట పొల్లుపోకుండా.

"పెద్దదేం కాదు తాయీ, ఈ గదిలో ఒక్క బల్బు పెట్టించండి చాలు," అన్నాడు ఊరి చదరంగ సంఘం కార్యదర్శి బాపట్.